పచ్చని పట్నం: మా బరంపురం వైపు వినిపించే అపోహలు, వాస్తవాలు

ఇంటి ప్లాన్లు, లేఅవుట్లు గీయడం నా పని. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మనవాళ్లు ఇల్లు కట్టేముందు అడిగే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిలో కొన్ని నమ్మకాలు ఇంటికీ ఊరికీ కూడా చేటు చేస్తున్నాయి.

అపోహ: వీధిలో నీళ్లు నిలుస్తున్నాయంటే డ్రైన్లు చిన్నవి. పెద్దవి కట్టేస్తే సరి.

వాస్తవం: ఆ నీళ్లు ఇదివరకు ఎటు పోయేవో ముందు చూడాలి. మన వైపు చాలా ఊళ్లు చెరువుల చుట్టూ పెరిగినవే. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకి, అక్కణ్ణుంచి పొలాలకి వెళ్లేది. ఇప్పుడు చెరువు మిగిలిన చోట కూడా దానికి నీళ్లు తెచ్చే కాలువ మీద ఇళ్లు లేచాయి. నీరు పల్లమెరుగు కదా, దారి మూస్తే వీధిలోకే వస్తుంది.

ఒక లెక్క చూడండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 4,600 లీటర్లకు పైగా నీళ్లు దిగుతాయి. వంద ఇళ్ల వీధికి నాలుగున్నర లక్షల లీటర్లు దాటుతుంది. ఇదివరకు అందులో కొంత పెరట్లోనే ఇంకేది. ఇప్పుడు గోడ నుంచి గోడ దాకా సిమెంటు, గేటు ముందు టైల్స్. అవతలి కొస మూసుకుపోయాక డ్రైను ఎంత వెడల్పున్నా ఉపయోగం లేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటుంది. ప్రతివాళ్లూ పక్కింటికంటే రెండడుగులు ఎత్తుగా మట్టి తోలించుకుంటున్నారు. ఆ నీళ్లన్నీ చివరికి మట్టి తోలించుకునే స్తోమత లేనివాళ్ల గుమ్మంలోకి చేరుతున్నాయి. పెరట్లో కాస్త మట్టినేల వదిలి, డాబా నీళ్లకి ఒక ఇంకుడు గుంత తవ్వించండి.

అపోహ: చెట్లు తుపానుకి ఇంటిమీద పడతాయి, వద్దు.

వాస్తవం: 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 200 కిలోమీటర్ల దాకా వీచింది. అంత గాలికి పడిన చెట్లు చాలానే ఉన్నాయి, కాదనను. కానీ మొదలు దాకా సిమెంటు పోసి, డ్రైను కోసం ఒకవైపు వేళ్లు నరికేసిన చెట్టు మామూలు గాలివానకే ఒరిగిపోతుంది. చుట్టూ కనీసం మీటరు నేల వదిలి వేప, కానుగ, పొన్న వేయండి. కొమ్మలు పెళుసుగా ఉండేవి, పూలు బాగుంటాయని ఇంటికి ఆనించి పెట్టకండి.

అపోహ: ఎండలకి ఏసీ తప్ప దారి లేదు.

వాస్తవం: 1998 వడగాలులకి ఒడిశాలో రెండు వేలమందికి పైగా చనిపోయారు. అందుకే వేడి సంగతి తేలిగ్గా తీసుకోను. స్లాబు పగలంతా ఎండని పీల్చుకుని రాత్రి గదిలోకి వదులుతుంది. మార్చిలో డాబా కడిగి, సున్నంలో కొంచెం ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేస్తే కింద గదిలో రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. వానలకి కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాలి. పడమటి గోడకి నీడ కూడా కావాలి. ఏసీ గదిని చల్లబరిచి ఆ వేడిని వీధిలోకి తోస్తుంది. ఇరుకు వీధిలో అందరూ పెడితే ఏసీ లేనివాళ్ల పరిస్థితి ఆలోచించండి.

అపోహ: బూడిద ఇటుకకి బలం ఉండదు.

వాస్తవం: తయారుచేశాక సరిగ్గా తడపని ఇటుకే విరుగుతుంది. కొనేముందు రెండింటిని ఒకదానికొకటి కొట్టి చూడండి. ఒడిశాలో థర్మల్ కేంద్రాల బూడిదకి కొదవ లేదు. దాన్ని వాడితే బట్టీ కోసం పొలం పైమట్టి తవ్వక్కర్లేదు.

అపోహ: ఇవన్నీ మహానగరాలకే, మన ఊళ్లకి కుదరవు.

వాస్తవం: 24 గంటలూ కుళాయి నుంచే తాగేనీరు ఇచ్చిన తొలి భారతీయ నగరం పూరీ, 2021లో. కోవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో మొదలై, తర్వాత ముక్తా పేరుతో సాగిన ఒడిశా ప్రభుత్వ ఉపాధి పథకంలో పట్టణ కూలీలే ఇంకుడు గుంతలు కట్టారు.

అపోహ: పట్టా ఉంటే ప్లాటు మంచిదే.

వాస్తవం: పట్టాలో కిసం (అంటే భూమి రకం) అని ఉన్నచోట ఏం రాశారో చూడండి. ఘరబారి అంటే ఇళ్ల స్థలం, శారద అంటే వరి పొలం. జలాశయం అని ఉంటే ఆ ప్లాటు మాట అక్కడితో వదిలేయండి. శారదని ఘరబారిగా మార్పించి అమ్మే ప్లాట్లు చాలా ఉంటాయి. కాగితం మారినా పల్లం పల్లమే. అడ్వాన్స్ ఇచ్చేముందు గట్టి వాన వెలిసిన మర్నాడు వెళ్లి చూసి, పక్క పొలం రైతుని నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అడగండి.