రైలుపెట్టెలోని రహస్యం టీవీని ఎందుకు వదలదు?

చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదీ అమ్మవారి గుడి దగ్గర భారతం జరిగేటప్పుడు చివరికి కూలేది దుర్యోధనుడేనని చంటిపిల్లలకు కూడా తెలుసు. అయినా ఆ ఉదయం మట్టితో మలిచిన ఆ భారీ బొమ్మ చుట్టూ నిలబడడానికి చోటు దొరకదు. ముగింపు తెలిసిన కథను మళ్ళీ చూడడం మనకు అలవాటే. కాబట్టి రైల్లో జరిగే పాత అపరాధ కథలను టెలివిజన్ సంస్థలు మళ్ళీ మళ్ళీ తీస్తున్నప్పుడు "హంతకుడెవరో తెలిశాక ఇంకేముంది చూడడానికి?" అని తిరుపతిలో ఎవరైనా అడిగితే కాస్త విడ్డూరంగానే ఉంటుంది. అడగవలసింది మరొకటి: ఇన్ని అపరాధ కథలుండగా రైలు కథల మీదే అంత మోజెందుకు, తీసిన ప్రతిసారీ ఏం మారుస్తున్నారు?

ఈ కథలకు మూలం రచయితల ఊహలో కంటే రైలుపెట్టె కట్టుబడిలో ఎక్కువగా ఉంది. బ్రిటన్‌లో తొలినాటి పెట్టెల్లో ఒక గది నుంచి మరో గదికి దారి ఉండేది కాదు. తలుపులు నేరుగా ప్లాట్‌ఫారం మీదికే తెరుచుకునేవి, బండి కదిలిందంటే తరువాతి స్టేషన్ వచ్చేదాకా లోపలివారు లోపలే. 1864 జులైలో నార్త్ లండన్ రైల్వే బండిలో థామస్ బ్రిగ్స్ అనే బ్యాంకు ఉద్యోగి అలాంటి గదిలోనే దాడికి గురయ్యాడు. ఆయన పట్టాల పక్కన కొన ఊపిరితో దొరికాడు, గదిలో నెత్తురు మరకలూ వేరొకరి టోపీ దొరికాయి. ఆ టోపీ ఆధారంగానే ఫ్రాంజ్ ముల్లర్ అనే యువకుడి మీద అనుమానం పడింది. ఓడలో అమెరికా బయలుదేరిన అతడిని, అంతకంటే వేగంగా పోయే ఓడ ఎక్కిన పోలీసులు న్యూయార్కులో ఎదురెళ్ళి పట్టుకున్నారు. బ్రిటన్ రైళ్ళలో జరిగిన తొలి హత్యగా దీన్ని చెబుతారు. దీని తరువాత పుట్టిన భయం 1868 చట్టానికి దారితీసింది: ఆగకుండా ఇరవై మైళ్ళకు మించి నడిచే బండ్లలో ప్రయాణికులు గార్డును పిలిచే ఏర్పాటు తప్పనిసరి అయింది. మన బోగీల్లో కనిపించే ఎర్ర గొలుసుది ఆ వంశమే.

తరువాత గదుల వెంట నడవా వచ్చింది, నడవా చివర కాపలాగా కండక్టరు వచ్చాడు. 1883లో పారిస్ నుంచి మొదలైన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ వంటి బండ్లలో ఎవరి గది వారిదే, కానీ గడప దాటితే ఎవరో ఒకరి కంట పడక తప్పదు. అపరాధ కథకు కావలసిన అమరిక సరిగ్గా ఇదే. 1929 ఫిబ్రవరిలో ఆ బండి టర్కీలోని చెర్కెజ్‌కోయ్ దగ్గర మంచులో రోజుల తరబడి కూరుకుపోయింది. 1931 డిసెంబరులో అదే బండిలో వస్తున్న అపరాధ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ వరదల వల్ల దారిలో చిక్కుకున్నారు. 1934లో వెలువడిన 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' నవలలో బండిని ఆపింది మంచే.

టెలివిజన్‌కు ఈ అమరిక వరంగా దొరికింది. పెట్టె లోపలి భాగాన్ని ఒకసారి స్టూడియోలో కడితే కథలో ముప్పాతిక వంతు అక్కడే నడిపించవచ్చు, కిటికీ బయట చీకటినో మంచునో చూపితే చాలు. మిగిలినదంతా ఎదురెదురుగా కూర్చున్న మనుషుల మాటలూ ముఖాలే, చిన్న తెరకు బాగా నప్పేవీ అవే. ఖర్చు తగ్గుతుంది కనుకే తీస్తారనడం సగం నిజం. ఇప్పటికే గొప్ప సినిమాగా వచ్చిన కథను తాకడానికి టెలివిజన్‌కు ఒక సాకు కావాలి, ఆ సాకు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: "సినిమావాళ్ళు మూలాన్ని మార్చారు, మేము పుస్తకానికి తిరిగి వెళ్తున్నాం."

'ది లేడీ వానిషెస్' ఇందుకు మంచి ఉదాహరణ. దాని మూలం ఎథెల్ లీనా వైట్ 1936లో రాసిన 'ది వీల్ స్పిన్స్'. రైల్లో తనతో మాట్లాడిన పెద్దావిడ మాయమైందని ఒక యువతి మొత్తుకుంటుంది, అలాంటి మనిషే బండి ఎక్కలేదని తోటి ప్రయాణికులంతా అంటారు. 1938లో దర్శకుడు హిచ్‌కాక్ దీన్ని ఆ పేరుతో సినిమాగా తీసి, హాస్యం కలిపిన గూఢచారి కథగా తీర్చారు. క్రికెట్ స్కోరు కోసం తహతహలాడే చార్టర్స్, కాల్డికాట్ అనే స్నేహితుల జంట పుస్తకంలో లేదు, సినిమా కోసం పుట్టింది. ఆ జంట ఎంత పేరు తెచ్చుకుందంటే 1985లో బీబీసీ వాళ్ళిద్దరి పేరుతోనే ఒక ధారావాహిక తీసింది. 1979లో మరోసారి సినిమా వచ్చింది. దాని గురించి ఎక్కువ చెప్పుకోనక్కర లేదు. 2013లో బీబీసీ టెలివిజన్ చిత్రం ఆ జంటను పక్కనబెట్టి, నవలలోని భయానికే తిరిగి వెళ్ళింది. నవల అసలు బలం గూఢచర్యంలో లేదు. నిజం చెబుతున్న ఒంటరి ఆడపిల్లను ఎవరూ నమ్మకపోవడంలో ఉంది, తమ తమ చిన్న స్వార్థాల కోసం మర్యాదస్తులే అబద్ధమాడడంలో ఉంది. ఆ మేరకు టెలివిజన్ చేసిన పని సబబే అనిపిస్తుంది, నవ్వు తగ్గిన మాట నిజమే అయినా.

ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ కథను టెలివిజన్ మూడు దారుల్లో నడిపింది. 2001లో అమెరికాలో డిటెక్టివ్ పువారో పాత్రలో ఆల్‌ఫ్రెడ్ మొలీనాతో తీసినవారు కథను నేటి కాలానికి తెచ్చి, అనుమానితుల్లో నలుగురిని తీసేశారు. ఇది తెలిసి చేసిన తప్పు: ఆ కథలో అనుమానితుల సంఖ్య అలంకారం కాదు, లెక్కలో భాగం. 2010లో డేవిడ్ సుషేతో వచ్చిన బ్రిటిష్ చిత్రం కాలాన్ని మార్చలేదు; నేరం ఎవరిదన్న ప్రశ్నను తగ్గించి, తెలిశాక న్యాయం ఏమిటన్న ప్రశ్నతో పువారోను నలిపేసింది. 2015 జనవరిలో జపాన్‌లోని ఫ్యూజీ టీవీ రెండు రాత్రులు ప్రసారం చేసిన రూపం వీటన్నిటికంటే తెగువైనది. రచయిత కోకి మితాని కథను 1933 నాటి జపాన్‌కు, షిమొనొసెకి నుంచి టోక్యో వెళ్ళే బండిలోకి మార్చి, మొదటి రాత్రి మూలకథ నడిపి, రెండో రాత్రి అదే నేరాన్ని చేసినవారి వైపు నుంచి మొదటి నుంచీ చెప్పారు. రహస్యం విడిపోయాక కూడా జనాన్ని కూర్చోబెట్టే ఉపాయం అది. మన భారతం కథకులకు ఇది చెప్పనక్కర లేదు.

క్రిస్టీదే మరో నవల '4.50 ఫ్రమ్ పాడింగ్టన్' (1957) కథ వేరు: పక్కపక్కనే ఒకే దిక్కుకు పోతున్న రెండు బండ్లలో, ఒక కిటికీలోంచి మరో కిటికీలో జరుగుతున్న హత్య కనిపిస్తుంది. 1961 సినిమా ఆ సాక్ష్యాన్ని నేరాలు ఛేదించే పెద్దావిడ మిస్ మార్పుల్‌కే అంటగట్టింది. 1987లో జోన్ హిక్సన్‌తో తీసిన బీబీసీ చిత్రం సాక్షిని మళ్ళీ ఆమె స్నేహితురాలిగా చేసింది. గూడూరు, అరక్కోణం, గుంతకల్లు, తిరుపతి మార్గాలు కలిసే రేణిగుంట దగ్గర, పక్క పట్టాల మీద మరో బండి సమానంగా కదులుతూ ఎదుటి కిటికీలోని ముఖాలు కాసేపు నిలిచిపోయినట్టు కనిపించే అనుభవం మనకు తెలియనిది కాదు.

మన దేశపు టెలివిజన్‌కు రైలు దొరికినప్పుడు హత్యల జోలికి పోలేదు. 1986లో శ్యామ్ బెనెగల్ దూరదర్శన్ కోసం తీసిన 'యాత్ర' అప్పట్లో కన్యాకుమారి నుంచి జమ్మూ వెళ్ళిన హిమసాగర్ ఎక్స్‌ప్రెస్‌లోని మనుషుల కథ. ఇప్పుడా బండి చిత్తూరు, తిరుపతి మీదుగానే పోతుంది. బెంగాలీలో సత్యజిత్ రాయ్ రాసిన డిటెక్టివ్ ఫెలూదా కథ ఒకటి కాల్కా మెయిల్‌లో ఇద్దరి పెట్టెలు తారుమారు కావడంతో మొదలవుతుంది. 1996లో సందీప్ రాయ్ దాన్ని టెలివిజన్‌కు తీశారు. తెలుగు టెలివిజన్ మాత్రం ఇలాంటి కథకు ఇల్లు వదిలి రైలెక్కడానికి పెద్దగా ఇష్టపడలేదు.

అడ్డంకి పెట్టెలోనే ఉంది. మన స్లీపర్ బోగీలో గదులు లేవు, తలుపులు లేవు. ఎనిమిది బెర్తుల మధ్య పులిహోర పొట్లం విప్పినా పక్కవాళ్ళకు తెలుస్తుంది. మంచు కురవదు. కానీ నీళ్ళు వస్తాయి: 2021 నవంబరులో అన్నమయ్య జలాశయం కట్ట తెగినప్పుడు నందలూరు, రాజంపేట మధ్య పట్టాల కింది నేల కొట్టుకుపోయి తిరుపతి వైపు బండ్లు ఆగిపోయాయి. నిజానికి క్రిస్టీని ఆపింది కూడా నీళ్ళే.

ఎవరు ఏ బెర్తులో ఉన్నారో చెప్పే ఛార్టు మన దగ్గరా ఉంది, టీటీఈ దగ్గర ఉంది. ఇక మాయమైన పెద్దావిడ కథకైతే తిరుపతి నుంచి తిరుగు ప్రయాణాన్ని మించిన చోటు లేదు. మూలకథలో ఆమె బట్టలు వేరొకరికి తొడిగి ఆ సీట్లో కూర్చోబెడతారు. ఇక్కడ తలనీలాలు ఇచ్చి, నున్నటి గుండుకు గంధం పూసుకుని వచ్చిన ఆడవాళ్ళు ఒకే బోగీలో పదిమంది ఉంటారు. గుర్తింపు కార్డులోని ఫొటోలో ఒత్తయిన జడ ఉంటుంది, ఎదురుగా కూర్చున్నావిడకు జుట్టే ఉండదు, "ఈమె ఆమే" అని చుట్టుపక్కల వాళ్ళంతా అంటుంటే కాదని చెప్పే ఒక్క పిల్ల మాటను ఏ టీటీఈ నమ్ముతాడు?