ఆరిపోయిన పెట్రోలు ఎక్కడికి పోయింది? జిడ్డు కడగడంపై అపోహలు – వాస్తవాలు

హైదరాబాదు బాలానగర్ పారిశ్రామికవాడలో యంత్రాల మరమ్మతు పనిలో ఉన్నవాణ్ని కాబట్టి, సైకిల్ గొలుసు మొదలుకొని కుట్టుమిషన్ వరకూ జిడ్డు పట్టిన ప్రతి వస్తువు గురించీ బంధువులూ, ఇరుగుపొరుగూ, షాపుకు వచ్చేవాళ్లూ నన్ను అడిగేది ఒకటే: తక్కువ ఖర్చులో దేనితో కడుక్కోవాలి? అడిగేవాళ్లలో చాలామంది జవాబు కూడా వెంట తెచ్చుకునే వస్తారు. "అన్నా, బండిలకెళ్లి గ్లాసెడు పెట్రోల్ తీసి కడిగితే ఐదు నిమిషాల్ల ఆరిపోతది గదా, ఇంక వేరేది ఎందుకు?" అంటారు. ఈ ఒక్క మాట వల్ల జరిగినంత నష్టం ఈ విషయంలో మిగతా అపోహలన్నీ కలిపినా జరగలేదని నా అభిప్రాయం. అందుకే దీని గురించి వివరంగా రాసి, మిగతావి క్లుప్తంగా చెబుతాను.

అపోహ: పెట్రోలు త్వరగా ఆరిపోతుంది కాబట్టి శుభ్రం చేయడానికి అదే మేలు.

వాస్తవం: త్వరగా ఆరిపోవడమే దానిలోని ప్రమాదం. ఆరిన పెట్రోలు మాయం కాలేదు, ఆవిరై మీ గదిలోనే ఉంది. పెట్రోలు ఫ్లాష్ పాయింటు (నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి తయారయ్యే కనీస ఉష్ణోగ్రత) మైనస్ 40 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంటే హైదరాబాదులో డిసెంబరు తెల్లవారుజామున కూడా మూత తీసిన మరుక్షణం నుంచి అంటుకోగలిగినంత ఆవిరి దాని మీద తయారుగా ఉంటుంది. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువైనది, కనుక పైకి లేచి కిటికీలోంచి వెళ్లిపోకుండా నేలను అంటిపెట్టుకుని, తలుపు కింది సందులోంచి పక్క గదిలోకి పాకుతుంది. గాలిలో దాని పాలు 1.4 శాతానికి చేరితే చాలు, అది మండే మిశ్రమమే. గ్లాసెడు, అంటే 200 మిల్లీలీటర్ల పెట్రోలు పూర్తిగా ఆవిరైతే దాదాపు 2.5 ఘనపు మీటర్ల గాలిని ఆ స్థితికి తేగలదు. మామూలు బాత్రూములో అది మోకాలి ఎత్తు దాటుతుంది. ఆ తరువాత ఫ్రిజ్ రిలే, ఇన్వర్టర్ స్విచ్, పూజ గదిలో దీపం, వీటిలో ఏదో ఒకటి చాలు.

"రోడ్డు పక్క మెకానిక్కులు ఏళ్ల తరబడి పెట్రోలుతోనే కడుగుతున్నారు, వాళ్లకేమీ కాలేదు కదా" అన్న వాదన వెంటనే వస్తుంది. వాళ్లు కడిగేది ఫుట్‌పాత్ మీద, నాలుగు వైపులా గాలి వీచే చోట, ఆవిరి 1.4 శాతానికి చేరేలోపే చెదిరిపోతుంది. అయినా వాళ్లలో చేతులు కాల్చుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్ల సంగతి ఎవరూ చెప్పుకోరు. అదే పనిని గ్రిల్లు బిగించి, దోమల జాలీ కొట్టి, వాషింగ్ మిషన్ పెట్టిన యుటిలిటీ బాల్కనీలో చేస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది.

కూకట్‌పల్లిలో మా షాపుకు వచ్చే ఒక కుర్రవాడి ఇంట్లో జరిగింది ఇదే. బైకు గొలుసును ప్లాస్టిక్ టబ్బులో పెట్రోలు పోసి బాల్కనీలో నానబెట్టాడు. బాల్కనీకీ వంటగదికీ మధ్య తలుపు మూసే ఉంది గానీ దాని కింద వేలెడు సందు ఉంది. వంటగది మూలన నేల మీద పీట వేసి పెట్టిన దేవుడి పటాల ముందు వాళ్లమ్మగారు సాయంత్రం దీపం వెలిగించారు. మంట అక్కడి నుంచి నేల వెంబడే వెనక్కి పరిగెత్తి టబ్బును చేరింది. గొలుసు తిప్పుతున్న ఆ అబ్బాయి రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. నేను చూడడానికి వెళ్లేసరికి టబ్బు కరిగి టైల్స్‌కు అతుక్కుపోయి ఉంది, అందులో గొలుసు సగం పూడుకుని ఉంది, తలుపు కింది అంచు పొడవునా నల్లటి చార పడి ఉంది. ఆమె మాత్రం నన్ను పదే పదే ఒకటే అడిగారు: "నేను దీపం పెట్టకపోతే బాగుండేదా?" రోజూ సంధ్యవేళ పెట్టే దీపం పెట్టారు, అంతే. ఆమె తప్పు అందులో ఏమీ లేదు. పెట్రోలు ఆవిరి పక్క గదిలోకి పాకుతుందని ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. ఇలాంటి ఇళ్లలో తమను తాము నిందించుకుంటున్న తల్లులకు ఈ మాట గట్టిగా చెప్పాలనిపించి కూడా ఇది రాస్తున్నాను.

అపార్ట్‌మెంట్లలో ఒకరి పొరపాటు ఒకరితో ఆగదు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంటు కింది భాగంలో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తుల్లో ఉన్న 9 మంది చనిపోయారు. పెట్రోలును పెట్రోలియం చట్టం కింద 'ఏ' తరగతిలో, కిరోసిన్, డీజిల్‌లను 'బి' తరగతిలో పెట్టింది ఊరికే కాదు. ఫ్లాష్ పాయింటు 23 డిగ్రీల లోపు ఉన్నవి మొదటి తరగతి, 23 నుంచి 65 లోపు ఉన్నవి రెండో తరగతి.

ఆరోగ్యం సంగతి వేరు. బీఎస్-6 కాలుష్య ప్రమాణాలకు తగ్గ పెట్రోలులో కూడా 1 శాతం వరకు బెంజీన్ ఉండవచ్చు. అది క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయిన పదార్థం, ఊపిరితోనూ చర్మం ద్వారానూ ఒంట్లోకి వెళుతుంది. ఎప్పుడో ఒకసారి చేతులు పెట్రోలులో ముంచామని నిద్ర పాడుచేసుకోవలసిన పని లేదు, అలవాటు ఈ రోజు నుంచి మానుకుంటే చాలు. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. పెట్రోలుతో కడిగి వదిలేసిన ఇనుప భాగం మీద జిడ్డు ఒక్క పొర కూడా మిగలదు కాబట్టి, వానాకాలంలో తెల్లారేసరికి ఎర్రటి తుప్పు కనిపిస్తుంది.

ఇక చౌక అన్న మాట. హైదరాబాదులో 2025లో లీటరు పెట్రోలు రూ. 107 పైన, డీజిల్ రూ. 95 పైన ఉండేవి. పెట్రోలులో చాలా భాగం మీరు కడుగుతుండగానే గాలిలో కలిసిపోతుంది. కిరోసిన్ అయితే అలాగే మిగులుతుంది, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. పొదుపు చూసుకునేవాళ్లు అసలు చూడవలసింది ఈ లెక్కనే.

నా సలహా కిరోసిన్. రేషన్‌లో వచ్చిన నీలం కిరోసిన్ రోజులు పోయాయి. తెల్ల కిరోసిన్ కోసం హార్డ్‌వేర్ దుకాణాల్లో, రాణిగంజ్ వైపు షాపుల్లో అడగాలి. అది దొరకకపోతే పెయింటు షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ ఆయిల్, అదీ కాకపోతే డీజిల్. డీజిల్ జిడ్డును బాగానే కరిగిస్తుంది గానీ నూనె పొర ఎక్కువగా వదులుతుంది, వాసన ఒక పట్టాన పోదు. అయితే కిరోసిన్ మీద ధీమా కూడా పనికిరాదు. కిరోసిన్, డీజిల్‌ల ఫ్లాష్ పాయింటు కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలని మన భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి, మినరల్ టర్పెంటైన్‌ది ఇంకొంచెం తక్కువే ఉండవచ్చు. మే నెలలో మన ఊళ్లో మధ్యాహ్నం 40 దాటుతుంది, ఎండలో పెట్టిన ఇనుప ట్రే ఇంకా వేడెక్కుతుంది. ఆ సమయానికి అంటుకునే విషయంలో కిరోసిన్ కూడా దాదాపు పెట్రోలులాగే ప్రవర్తిస్తుంది. కాబట్టి ఎండాకాలంలో ఈ పని ఉదయాన్నే, నీడలో, డాబా మీదో ఆరుబయటో చేసుకోవాలి, పొయ్యి, సిగరెట్, డ్రిల్లింగ్ మిషన్ దరిదాపుల్లో ఉండకూడదు.

పద్ధతి సరిగ్గా ఉంటే అర లీటరు కిరోసిన్‌తో బైకు గొలుసు, స్ప్రాకెట్లు (గొలుసు తిరిగే పళ్ల చక్రాలు) రెండూ అయిపోతాయి. జిడ్డు కరిగించే ద్రావకం, అంటే కిరోసిన్, ముట్టుకోకముందే, పాత జిడ్డును చెక్కముక్కతో లేదా ప్లాస్టిక్ గరిటెతో గీకి, బనియన్ వేస్ట్‌తో (పాత బనియన్ గుడ్డ ముక్కలతో) తుడిచేయాలి. మందంగా పేరుకున్న మడ్డిలో ఎక్కువ భాగం ఇలా పొడిగానే వచ్చేస్తుంది. ఈ మెట్టు దాటేసి నేరుగా ముంచేవాళ్లే లీటర్ల కొద్దీ ఖర్చు పెడతారు. ఆ తరువాత రెండు ఇనుప ట్రేలు పెట్టుకుని, మొదటి ట్రేలో పాత కిరోసిన్‌తో బ్రష్ చేసి, రెండో ట్రేలో కొత్త కిరోసిన్‌తో జాడించాలి. చివరగా గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరిన వెంటనే పలుచగా నూనె పూయాలి. గొలుసును మాత్రం ఇంజను ఆన్ చేసి గేరులో తిప్పుతూ ఎన్నడూ కడగవద్దు. స్ప్రాకెట్టుకూ గొలుసుకూ మధ్య వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను ఈ వృత్తిలో ఉన్న ప్రతివారూ చూసే ఉంటారు. చేతులకు నైట్రైల్ గ్లవ్స్ వాడాలి; మామూలు లేటెక్స్ గ్లవ్స్ కిరోసిన్‌కు ఉబ్బి చినిగిపోతాయి.

వాడిన కిరోసిన్‌ను మూత ఉన్న డబ్బాలో పోసి రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది, పైన తేరిన దాన్ని ఒంపుకుని మొదటి ట్రేకు మళ్లీ వాడుకోవచ్చు.

ఈ నిల్వ దగ్గరే రెండో పెద్ద ప్రమాదం ఉంది. వాడిన కిరోసిన్‌ను, కొత్తదాన్ని కూడా, కూల్‌డ్రింక్ సీసాలో పోసి సింకు కింద పెట్టే అలవాటు మన ఇళ్లలో చాలా ఉంది. తెల్ల కిరోసిన్ చూడడానికి నీళ్లలాగే ఉంటుంది, పిల్లలు తాగేస్తారు. తాగారని తెలియగానే భయంతో పెద్దవాళ్లు ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడానికి ప్రయత్నిస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. కిరోసిన్ కడుపులో ఉండడంకంటే ఊపిరితిత్తుల్లోకి దిగడం చాలా ప్రమాదం, వాంతి అయితే అది దిగేది అక్కడికే. ఏమీ తాగించకుండా, వాంతి చేయించకుండా, వెంటనే నీలోఫర్ వంటి పిల్లల ఆసుపత్రికి తీసుకుపోవాలి, తాగిన సీసా కూడా వెంట పట్టుకెళ్లాలి. ఇంట్లో పిల్లలుంటే పేరు రాసిన ఇనుప డబ్బాలో, తాళం వేసే చోట తప్ప మరెక్కడా పెట్టవద్దు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

పెయింటు థిన్నర్ కిరోసిన్‌కంటే బలమైనది కాబట్టి మేలంటారు. బలమైనదే, దానితోపాటు రంగును, ప్లాస్టిక్‌ను, ఆయిల్ సీళ్లను కూడా తినేస్తుంది. అందులో ఉండే టోలుయిన్, అసిటోన్‌ల వల్ల అంటుకునే విషయంలో పెట్రోలుకు దగ్గరి బంధువు.

కాస్టిక్ సోడా చౌక, జిడ్డును సబ్బుగా మార్చేస్తుంది అంటారు. వంటనూనె జిడ్డుకు అది నిజం, ఇంజను గ్రీజుకు అంతగా వర్తించదు. అల్యూమినియం భాగాన్ని అందులో వేస్తే లోహమే కరిగిపోతుంది, పైగా హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. కార్బురేటర్ బాడీని అందులో నానబెట్టి పాడుచేసుకుని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

బ్రేకు భాగాలను కిరోసిన్‌తో కడగవచ్చా అంటే, కడగకూడదు. హైడ్రాలిక్ బ్రేకుల్లోని రబ్బరు కప్పులు పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి పట్టేస్తాయి, ప్యాడ్లు, షూలు నూనె పీల్చుకుంటే పట్టు పోతుంది. వాటికి బ్రేక్ క్లీనర్ లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. ఆల్కహాల్ కూడా అంటుకునేదే, అందుకని కొంచెమే గుడ్డ మీద పోసుకుని తుడవాలి. ఇంకొక మాట: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తడిసిన భాగాన్ని వెల్డింగ్ చేస్తే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు.

సీలింగ్ ఫ్యాన్ బేరింగ్‌కు రెండు వైపులా మూత ఉంటే కిరోసిన్‌లో నానబెట్టవద్దు. లోపలి గ్రీజు పోతుంది, కొత్త గ్రీజు లోపలికి ఎక్కించలేరు. శబ్దం చేస్తున్న బేరింగ్‌ను మార్చుకోవడమే చౌక.

గుడ్డ మాస్కు గానీ, ఎన్-95 గానీ దుమ్మును ఆపుతాయి, ద్రావకాల ఆవిరిని ఆపలేవు. తల తిరిగినట్టు అనిపిస్తే పని ఆపి బయటికి వచ్చేయాలి.

పెట్రోలు, కిరోసిన్ మంట మీద నీళ్లు పోస్తే అది నీటి మీద తేలుతూ ఇంకా వ్యాపిస్తుంది. ఇసుక బకెట్టో, డ్రై పౌడర్ సిలిండరో పక్కన పెట్టుకునే పని మొదలుపెట్టాలి. చేయి కాలితే టూత్‌పేస్టు, పసుపు, సిరా పూయకుండా 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచి ఆసుపత్రికి వెళ్లాలి.

పని అయిపోయాక మిగిలిన మడ్డిని బాత్రూము తూములోనో వీధి మ్యాన్‌హోల్‌లోనో పోయవద్దు. ఆవిరి డ్రైనేజీ గొట్టాల్లో పేరుకుంటుంది, నూనె నాలాల గుండా మూసీకి చేరుతుంది. ఇనుప డబ్బాలో దాచి, ఈసారి బండి సర్వీసింగుకు వెళ్లినప్పుడు గ్యారేజీలో పాత ఇంజను ఆయిల్ పోసే డ్రమ్ము ఉంటుంది, వాళ్లను అడిగి ఇచ్చేయవచ్చు. నూనె అంటిన వేస్ట్ గుడ్డలను కుప్పగా మూలన పడేయకుండా, ఆరుబయట విడివిడిగా పరిచి వాసన పోయేదాకా ఆరనిచ్చి, ఆ తరువాత విడిగా మూటకట్టి చెత్తబండివాళ్లకు చెప్పి ఇవ్వాలి.