ఫ్లోరెన్స్ వీధి తిండి: అపోహలు - వాస్తవాలు

తెలుగు గ్రూపులను వెంటబెట్టుకుని ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో తిప్పే టూర్ మేనేజర్‌ని నేను. వచ్చేవాళ్ళలో రెండు రకాలు. యూట్యూబ్ చూసి ధైర్యంగా దిగిపోయేవాళ్ళు ఒకరు, జరిమానాల వార్తలు చదివి బిస్కెట్ తినడానికి కూడా టెన్షన్ పడేవాళ్ళు ఇంకొకరు. ఇద్దరూ అడిగేవి చాలావరకు ఈ ప్రశ్నలే.

అపోహ: ఫ్లోరెన్స్ వీధుల్లో నిలబడి తింటే ఫైన్ వేస్తారు.

ఊరంతటికీ అలాంటి నిషేధం లేదు. ఈ మాట పుట్టింది 2018 సెప్టెంబరులో. అప్పుడు నగరపాలక సంస్థ నాలుగు చోట్ల మాత్రం ఒక తాత్కాలిక ఉత్తర్వు పెట్టింది: వియా దే నేరి, ఉఫీజి మ్యూజియం ముందరి ఆవరణ, పియాజ్జా దెల్ గ్రానో, వియా దెల్లా నిన్నా. మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు, సాయంత్రం 6 నుంచి రాత్రి 10 వరకు అక్కడి పేవ్‌మెంట్ల మీద, ఇళ్ళ గడపల మీద, షాపుల గుమ్మాల్లో చేరి తినకూడదన్నారు. తింటే 150 నుంచి 500 యూరోల జరిమానా అన్నారు.

ఎందుకు పెట్టారో వియా దే నేరిలో మధ్యాహ్నం ఒంటిగంటకు నిలబడితే తెలిసిపోతుంది. సన్నటి వీధి. శాండ్‌విచ్ షాపుల ముందు వందల మంది. అక్కడే కాపురం ఉండే పెద్దావిడ కూరగాయల సంచితో ఇంటికి వస్తే, ఆమె గడప మీద నలుగురు కూర్చుని నూనె కారే రొట్టె తింటుంటారు. మన గుమ్మంలో ఎవరో వచ్చి విస్తరి వేసుకుంటే మనం మాత్రం ఊరుకుంటామా?

మెట్ల సంగతీ అంతే. ఇక్కడి పాత కట్టడాల్లో చాలా వాటికి వాడింది ఇసుకరాయి, నూనె పడితే పీల్చుకుంటుంది. 2017లో అప్పటి మేయర్ దారియో నార్దెల్లా మధ్యాహ్న భోజనం వేళకే చర్చి మెట్లను నీళ్ళతో తడిపించారు, ఎవరూ కూర్చుని తినకుండా. పియాజ్జా దెల్లా సిన్యోరియాలో విగ్రహాలుండే లోజ్జా దెయ్ లాంజీలో కూర్చోవచ్చు గానీ తిండి తీయకూడదు, కాపలావాళ్ళు వెంటనే లేపేస్తారు. తినడానికి పియాజ్జా దెయ్ చోంపి, పియాజ్జా దజేలియో లాంటి చోట్ల బెంచీలున్నాయి. ఓపికుంటే పియాజ్జాలే మికెలాంజెలోకి ఎక్కే దారిలో గులాబీ తోటకు వెళ్ళండి, టికెట్ లేదు. ఇలాంటి ఉత్తర్వులు మారుతుంటాయి కాబట్టి వీధిలో బోర్డు కనిపిస్తే ఒకసారి చూసుకోండి.

అపోహ: లాంప్రెడొట్టో అంటే మన బోటీనే.

మన బోటి మేకది, గొర్రెది. లాంప్రెడొట్టో ఆవు నాలుగో పొట్ట. బీఫ్ తిననివాళ్ళు "ఏదో పేగుల కూరలే" అనుకుని కొనేసి, తర్వాత బాధపడకూడదని ముందే చెబుతున్నాను.

తినేవాళ్ళకు మాత్రం ఈ ఊళ్ళో ఇంతకు మించిన వీధి తిండి లేదని నా అభిప్రాయం. అమ్మేవాణ్ణి త్రిప్పాయో అంటారు. బండి మీద పెద్ద గిన్నె, అందులో టమాటా, ఉల్లిపాయ, సెలెరీ, పార్స్‌లీ వేసిన రసంలో అది గంటల తరబడి ఉడుకుతుంటుంది. ఆర్డర్ ఇవ్వగానే పొడవాటి ఫోర్క్‌తో ఒక ముక్క పైకి తీసి, చెక్క మీద టకటకా తరిగి, ఉప్పు, మిరియాల పొడి చల్లుతాడు. గుండ్రటి బన్ను కోసి, పై సగాన్ని ఫోర్క్‌కి గుచ్చి ఆ రసంలో ఒక్క ముంచు ముంచుతాడు. తర్వాత "వెర్దే? పిక్కాంతే?" అంటాడు, పచ్చ చట్నీయా, కారమా అని. రెండూ అనండి. కారం మన నాలుకకు పెద్ద లెక్క కాదు.

పక్కనే మేస్త్రీలు, ఆఫీసువాళ్ళు నిలబడి తింటుంటారు, పక్కన చిన్న గ్లాసులో వైన్. అది వాళ్ళ మధ్యాహ్న భోజనం. మీరు తినకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. ముక్కు మూసుకోవడం, "ఛీ, ఇదేంటి" అని ముఖం పెట్టడం, ఏమీ కొనకుండా త్రిప్పాయో ముఖానికి ఫోన్ అడ్డం పెట్టి వీడియో తీయడం, ఇవి మాత్రం వాళ్ళకు ఒళ్ళు మండిస్తాయి. భాష రాకపోయినా ముఖం చదవడం అందరికీ వచ్చు.

అపోహ: మాంసం ముక్క కనబడకపోతే అది శాకాహారమే.

శాకాహారులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పైన చెప్పిన ఆ పచ్చ చట్నీలోనే ఆంకోవీ చేప ఉంటుంది. కొక్కోలీ అని వేడివేడిగా వేయించిన పిండి ఉండలు ఇస్తారు, మామూలుగా వాటితో పంది మాంసపు ప్రోషుత్తో కూడా వస్తుంది. స్ట్రక్కీనో చీజ్ ఒక్కటే ఇవ్వమంటే ఇస్తారు. స్కియచ్చాతా అంటే చదునుగా కాల్చే రొట్టె, కార్నివాల్ రోజుల్లో అమ్మే తీపి రకంలో పాత పద్ధతిలో పంది కొవ్వు వేస్తారు. పర్మెజాన్ చీజ్‌లో పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్ వాడతారు, దీన్ని పట్టించుకునేవాళ్ళు పట్టించుకోవాలి.

దొరికేవి తక్కువేం కాదు. ఆలివ్ నూనె, రాళ్ళ ఉప్పుతో కాల్చిన మామూలు స్కియచ్చాతా, ద్రాక్షలు కోసే సెప్టెంబరులో పైన నల్ల ద్రాక్షపళ్ళు పరిచినది, పాత రొట్టెతో టమాటా, తులసిలాంటి బేసిల్ కలిపి వండే పప్పా అల్ పొమొదోరో, ఎండు రొట్టె, నల్ల క్యాబేజీ, తెల్ల చిక్కుళ్ళతో రిబొల్లీతా. చివరి రెండింట్లో మాంసం ఉడికించిన నీళ్ళు పోశారేమో అడగాలి. "వెజిటేరియన్" అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. "నియెంతే కార్నే, నియెంతే పెషే, నియెంతే ప్రోషుత్తో" అనండి. మాంసం వద్దు, చేప వద్దు, ప్రోషుత్తో వద్దు. ప్రోషుత్తోని విడిగా ఎందుకు చెప్పాలంటే, కొంతమందికి అది మాంసం లెక్కలోకే రాదు!

రొట్టెలో ఉప్పు లేదని షాపువాడితో గొడవ పడవద్దు. ఈ టస్కనీ ప్రాంతపు రొట్టె అంతే, ఉప్పగా ఉండే హామ్, చీజ్‌లతో తినడానికి చేసింది.

అపోహ: కాఫీ కొన్నాం కాబట్టి టేబుల్ మీద మన డబ్బా విప్పుకోవచ్చు.

కుదరదు. ఒక్క కాపుచీనో తీసుకుని, బ్యాగులోంచి పులిహోర, ఆవకాయ, పేపర్ ప్లేట్లు తీస్తే వెయిటర్ వచ్చి లేపుతాడు. అందులో అవమానమేమీ లేదు, ఆ టేబుల్ అద్దె వాళ్ళు కడుతున్నారు. పులిహోరను నేనేమీ తక్కువ చేయడం లేదు, ప్రయాణంలో అంత నమ్మకమైన తిండి ఇంకోటి లేదు. పార్కు బెంచీ మీద హాయిగా తినండి, ప్లేట్లు చెత్తడబ్బాలో వేయండి. ఇంకో మాట: భారత్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి నెయ్యి, కోవా, మాంసం పచ్చడి తేకూడదు, పట్టుకుంటే తీసేసుకుంటారు.

కాఫీకి ధర తేడా కూడా ఇక్కడే వస్తుంది. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు, చాలాచోట్ల అది రెట్టింపుకు పైనే. ఇది మోసం కాదు, కాకపోతే రేట్లు కనబడేలా పెట్టాలి. 2022లో ఇదే ఊళ్ళో ఒక కస్టమర్ రెండు యూరోల ఎస్ప్రెసోకి పోలీసులను పిలిస్తే, కౌంటర్‌లో ధర పెట్టలేదని యజమానికి 1000 యూరోల జరిమానా పడింది. కాబట్టి ముందు బోర్డు చూడండి, ఆ తర్వాత కూర్చోండి.

అపోహ: మార్కెట్లో ఏరుకోకపోతే, బేరమాడకపోతే మోసపోతాం.

సాంత్ అంబ్రోజో మార్కెట్‌లో బెండకాయ చివర విరిచి చూసే మన అలవాటు పనికిరాదు. పండు మీద చెయ్యి వేయగానే అరుస్తారు. ముందు "బోన్ జోర్నో" అనండి, వేలితో చూపించండి, ఇవాళ తినడానికో రేపటికో చెప్పండి. దానికి తగ్గ కాయ వాళ్ళే ఏరి ఇస్తారు, నిజం చెప్పాలంటే మనకంటే బాగా ఏరుతారు. తిండి దగ్గర బేరం లేదు. మామూలుగా మధ్యాహ్నం రెండు దాటితే సర్దేస్తారు, ఆదివారం తెరవరు. 1874లో తెరిచిన ఇంకో మార్కెట్ మెర్కాతో చెంత్రాలేలో కూరగాయలు, మాంసం కొట్లు కింది అంతస్తులో ఉంటాయి. పైఅంతస్తులోని ఫుడ్ కోర్టు 2014లో వచ్చింది, అది రాత్రి దాకా ఉంటుంది.

అపోహ: పెద్ద క్యూ ఉన్న షాపులోనే అసలు రుచి.

క్యూ రీల్స్ వల్ల వస్తుంది. స్కియచ్చాతా ప్రతి పేటలోనూ కాలుస్తారు. "ఫోర్నో" అని బోర్డు కనిపించిన బేకరీలోకి పొద్దున పదకొండింటికి వెళ్ళి, అప్పుడే దించినది తూకం మీద ఒక ముక్క కోయించుకోండి.

అపోహ: రంగు ఎంత బాగుంటే జెలాటో అంత మంచిది.

జెలాటో అంటే ఇటలీ ఐస్‌క్రీమ్. పిస్తా జెలాటో ఆకుపచ్చగా మెరిసిపోతుంటే రంగు కలిపారని అర్థం. అసలు పిస్తాది మట్టి ఛాయ కలిసిన పచ్చ. కొండల్లా పైకి పేర్చి పెట్టిన చోట కంటే, మూతలున్న స్టీలు గిన్నెల్లో దాచిన చోట కొనండి. రుచి చూడమంటే ఒకటి రెండు చెంచాలు చాలు, వెనక జనం ఉంటారు. దీన్ని నడుస్తూ తినొచ్చు, ఇక్కడివాళ్ళూ అలాగే తింటారు. చేతులు జిగటైతే పియాజ్జా దెల్లా సిన్యోరియాలో నెప్ట్యూన్ ఫౌంటెన్ దగ్గర ఉచిత నీళ్ళ కుళాయి ఉంది. కాకపోతే అది తాగే నీళ్ళది, సీసాలో పట్టుకుని పక్కకు వచ్చి కడుక్కోండి.