ఆకలి ఉండేది ఎక్కడ?

బరువు తగ్గించే ఇంజెక్షన్లు మౌంజారో, వెగోవీ 2025లో మన దేశ మార్కెట్లోకి వచ్చాయి. ఇలాంటి మందులు వాడినవారిలో చాలామంది చెప్పే మాట ఒకటుంది. కడుపు నిండినట్లు ఉండటం కన్నా, తలలో తిండి రొద ఆగిపోవడమే వింతగా ఉందంటారు. ఫ్రిజ్‌లో ఏం మిగిలింది, సాయంత్రం ఏం తిందాం అని ఎడతెగకుండా నడిచే ఆలోచన సద్దుమణిగిందట. పేగుల్లో ఊరే హార్మోనును అనుకరించే మందు ఆలోచనల్ని ఎలా మారుస్తుంది? ఈ ప్రశ్న వెనుక నూరేళ్లకు పైబడిన వెతుకులాట ఉంది. అందులో ఒక భారతీయుడి పేరు, హైదరాబాద్ ఎలుకల ఊసు కూడా ఉన్నాయి.

1901లో వియన్నా వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఫ్రోలిక్, చూపు మందగిస్తూ ఒళ్లు విపరీతంగా పెరిగిపోతున్న ఒక బాలుడి గురించి రాశాడు. పిట్యూటరీ గ్రంథి దగ్గర కణితి ఉంది. తప్పు ఆ గ్రంథిదా, కణితి ఒత్తిడి పడిన, దాని పైనున్న మెదడు భాగం హైపోథాలమస్‌దా అన్న వాదన దశాబ్దాలు సాగింది. 1940లో అమెరికాలో హెదరింగ్‌టన్, రాన్సన్ పిట్యూటరీ జోలికి పోకుండా, ఎలుకల హైపోథాలమస్‌లో మధ్య కింది భాగాన్ని సన్నని ఎలక్ట్రోడ్‌తో దెబ్బతీశారు. ఎలుకలు బంతుల్లా ఉబ్బాయి.

పదకొండేళ్ల తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రోబెక్‌తో కలిసి బాల్ కృష్ణ ఆనంద్ ఇంకాస్త పక్కకు జరిగి చూశారు. ఆనంద్ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో శరీరధర్మశాస్త్ర విభాగానికి పునాది వేసిన మనిషి. హైపోథాలమస్ పక్క భాగాన్ని రెండువైపులా దెబ్బతీస్తే ఎలుక తినడమే మానేసింది. ముందు తిండి ఉన్నా ముట్టక, పస్తులతో చనిపోయింది. దాంతో పక్క భాగం ‘ఆకలి కేంద్రం’ అయింది, మధ్య భాగం ‘తృప్తి కేంద్రం’ అయింది. ఒకటి యాక్సిలరేటర్, ఇంకొకటి బ్రేకు. పాఠ్యపుస్తకానికి ఇంతకన్నా చక్కని బొమ్మ దొరకదు. ఆ బొమ్మ నిలవకపోవడానికి కారణం కూడా దాని చక్కదనమేనేమో.

ఎందుకంటే, తినడం మానేసిన ఎలుకలకు గొట్టంతో ఆహారం పట్టిస్తూ కొన్ని వారాలు బతికిస్తే అవి మళ్లీ తినడం మొదలుపెట్టాయి. ‘కేంద్రం’ పోయాక ఆకలి ఎక్కడి నుంచి వచ్చినట్టు? 1970ల నాటికి మరో సంగతి తేలింది. ఎలక్ట్రోడ్ కాల్చింది అక్కడి కణాలనే కాదు, ఆ దారిన పోయే, డోపమైన్ అనే రసాయనంతో కబుర్లు పంపే నరాల తీగలను కూడా. విజయవాడ జంక్షన్‌లో పట్టాలు తెగితే దేశంలో సగం రైళ్లు ఆగుతాయి. అంతమాత్రాన రైళ్లన్నీ విజయవాడలోనే పుడుతున్నాయని ఎవరూ అనరు. మెదడు విషయంలో మాత్రం చాలాకాలం అలాగే అనుకున్నారు.

ఈలోగా కథ రక్తంలోకి దిగింది. అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో పుట్టుకతోనే లావెక్కే చిట్టెలుకల జాతి బయటపడింది. డగ్లస్ కోల్‌మన్ రెండు ఎలుకల రక్తప్రసరణను కలిపి కుట్టి, ఆకలిని అణచే పదార్థమేదో రక్తంలో తిరుగుతోందని 1970ల్లో ఊహించాడు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దాని జన్యువును పట్టుకుంది. ఆ పదార్థానికి లెప్టిన్ అని పేరు పెట్టారు. దాన్ని తయారుచేసేది కొవ్వు కణాలు. పొగరుబోతును ‘కొవ్వెక్కింది’ అని తిట్టే భాష మనది. నిజానికి కొవ్వు ‘ఇక చాలు’ అని మెదడుకు కబురు పంపుతూనే ఉంటుంది.

1997లో కేంబ్రిడ్జ్ వైద్యులు పుట్టుకతో లెప్టిన్ లేని ఇద్దరు పిల్లలను గుర్తించారు. అలాంటివారికి లెప్టిన్ ఇంజెక్షన్ అద్భుతంగా పనిచేసింది. ఊబకాయం ఉన్న మిగతా అత్యధికులకు చేయలేదు. వారి ఒంట్లో లెప్టిన్ ఎక్కువగానే ఉంది, మెదడే పెడచెవిన పెడుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1996లో లోకానికి పరిచయం చేసిన ఊబకాయ ఎలుకల జాతిలోనూ ఇదే కనిపించింది. లెప్టిన్ దండిగా ఉన్నా అవి తింటూనే ఉంటాయి.

ఆ తర్వాత మెదడు స్కాన్‌ల కాలం. 2001లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల, తీవ్ర ఊబకాయం ఉన్న పదిమంది మెదడులో డోపమైన్‌ను అందుకునే గ్రాహకాలు తక్కువగా ఉన్నాయని చెప్పింది. ‘తిండి వ్యసనం’ అన్న మాట పత్రికలకెక్కింది. తర్వాతి అధ్యయనాల్లో కొన్ని దానితో ఏకీభవించాయి, కొన్ని కాదన్నాయి. రంగురంగుల మెదడు బొమ్మకు ఉండే ఆకర్షణే వేరు, దాని మీద కాస్త అనుమానం ఉంచుకోవడం మంచిది.

ఇప్పటి అవగాహనలో కేంద్రాలు లేవు, వలయాలు ఉన్నాయి. శరీరపు నిల్వలను లెక్కచూసే హైపోథాలమస్, రుచిని ఆశగా మార్చే డోపమైన్ దారులు, ఒంటి లోపలి సంగతులు వినే ఇన్సులా, ‘వద్దు’ అనే, నుదుటి వెనకున్న మెదడు భాగం ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి. 2015లో చిట్టెలుకల మెదడులోని ఆకలి కణాలను నేరుగా గమనించినప్పుడు, తిండి కనబడగానే, ఒక్క ముక్కైనా నోట్లో పెట్టకముందే అవి నెమ్మదించాయి. అంటే కంటిచూపు, పాత అనుభవం కూడా ఆకలి లెక్కలో చేరిపోతున్నాయి. అదే ఏడాది సుమారు 3,39,000 మంది జన్యువులను పరిశీలిస్తే బరువుతో ముడిపడిన 97 చోట్లు దొరికాయి. వాటి దగ్గరి జన్యువుల్లో చాలావరకు పనిచేసేది మెదడులోనే. నోరు కట్టుకోమని సలహా ఇచ్చేవారు ఈ సంగతి వినలేదు.

ఇప్పటి ఇంజెక్షన్లు హైపోథాలమస్‌నూ, మెదడు కాండంలోని కొన్ని భాగాలనూ తాకుతాయి. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గింది. మందు ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేశాయి.