జీతం ఆగిందని విమానం ఎక్కేయకండి

విదేశీ క్లబ్బుల్లో సీజన్‌కో జెర్సీ మారుస్తూ ఆడే ఫుట్‌బాలర్ల కాంట్రాక్టులు చూడటం నా పని. నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే మాట: "మూడు నెలలుగా డబ్బు పడలేదు. బ్యాగు సర్దేశాను. వెళ్లిపోవచ్చు కదా?"

అపోహ: జీతం ఎగ్గొట్టింది క్లబ్బు కాబట్టి కాంట్రాక్టు దానంతటదే రద్దయిపోయింది.

వాస్తవం: కాలేదు. ఆటగాళ్లను ఇంతగా ముంచిన అపోహ నేను ఇంకోటి చూడలేదు. ఫిఫా బదిలీ నిబంధనల్లో 2018 జూన్ నుంచి ఆర్టికల్ 14 బిస్ (అంటే 14వ నియమానికి చేర్చిన అనుబంధం) ఉంది. కనీసం రెండు నెలల జీతం బాకీ పడితే కాంట్రాక్టు రద్దు చేసుకునే హక్కు మీకుంది. కానీ ముందు క్లబ్బుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, బాకీ తీర్చడానికి కనీసం 15 రోజులు గడువివ్వాలి. అప్పటికీ కట్టకపోతేనే మీ దారి మీరు చూసుకోవచ్చు. (కొన్ని దేశాల్లో ఆటగాళ్ల సంఘం కుదుర్చుకున్న ఒప్పందంలో వేరే లెక్క ఉంటుంది, అది ముందు కనుక్కోండి.) నోటీసు లేకుండా వెళ్లారా, బాకీ ఉన్న క్లబ్బే "మా ఆటగాడు పారిపోయాడు" అని కేసు వేస్తుంది. పరిహారం మీరే కట్టాల్సి రావచ్చు, కొన్ని నెలలు మ్యాచ్‌లు ఆడకుండా నిషేధమూ పడొచ్చు.

కోచ్‌తో మొరపెట్టుకుంటే అది నోటీసు కాదు. ఈమెయిల్, కొరియర్ రెండూ పంపి రసీదు దాచుకోండి. ఆ 15 రోజులూ ప్రాక్టీసు మానకండి.

నాకు తెలిసిన ఒక డిఫెండర్ నోటీసు ఇవ్వగానే గ్రౌండు గేటు మూసేశారు. అయినా రోజూ బూట్లు పట్టుకుని వెళ్లేవాడు. మూసిన గేటు ఫొటో తీసి, "ప్రాక్టీసుకు వచ్చాను, లోపలికి రానివ్వలేదు" అని క్లబ్బుకు మెయిల్ పెట్టేవాడు. వారం తిరక్కుండా మేనేజర్ అతని ఫ్లాట్‌కే వచ్చాడు, చేతిలో స్థానిక భాషలో రెండు పేజీలు. సంతకం పెడితే రేపే ఒక నెల జీతం అన్నాడు. చదివించి చూస్తే రెండో పేజీ అడుగున "నాకు రావలసినదంతా ముట్టింది" అని ఉంది. సంతకం పడి ఉంటే మిగతా బాకీకి నీళ్లొదులుకోవాల్సిందే. అద్దె కట్టాల్సినవాడికి ఒక నెల జీతం చిన్నదేం కాదు, అలా సంతకం పెట్టినవాళ్లను నేనెప్పుడూ తప్పుపట్టను. పెట్టేముందు ఒక్క ఫోన్ చేయండి, అంతే.

అడిగితే చెడ్డపేరు వస్తుందని ఊరుకునేవాళ్లూ ఉన్నారు. 2016లో ఆటగాళ్ల అంతర్జాతీయ సంఘం ఫిఫ్‌ప్రో చేసిన సర్వేలో 41 శాతం మంది గత రెండేళ్లలో జీతం ఆలస్యమైందని చెప్పారు. మీరొక్కరే కాదు, సిగ్గుపడాల్సింది మీరూ కాదు. అయితే నాన్చకండి. రెండేళ్లు దాటిన వివాదాన్ని ఫిఫా ట్రిబ్యునల్ విచారణకే తీసుకోదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వైద్య పరీక్ష తప్పినా, వర్క్ పర్మిట్ రాకపోయినా కాంట్రాక్టు చెల్లదంటారు. అలాంటి షరతు పెట్టడాన్నే ఫిఫా నిబంధనలు ఒప్పుకోవు. పరీక్షలేవైనా సంతకానికి ముందే చేయించుకోవాల్సింది క్లబ్బు. కాంట్రాక్టు చివరి రోజు దాకా ఇంకో క్లబ్బుతో సంతకం చేయకూడదన్నదీ పుకారే, ఆఖరి ఆరు నెలల్లో చేయొచ్చు. ట్రయల్స్‌కు ముందే డబ్బు కట్టమనే ఏజెంటును నమ్మకండి. లైసెన్సు ఉందో లేదో ఫిఫా వెబ్‌సైట్‌లో చూడండి, పిలుపు నిజమో కాదో క్లబ్బునే అడగండి.

ఇక "ఊరికే క్లబ్బులు మారేవాడిలో సరుకుండదు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అత్యధిక క్లబ్బులకు ఆడి గిన్నిస్‌కెక్కిన సెబాస్టియన్ అబ్రేయు, 2010 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో ఘనా మీద ఆఖరి పెనాల్టీలో బంతిని మెల్లగా పైకి లేపి గోల్ కొట్టి ఉరుగ్వేను సెమీస్‌కు తీసుకెళ్లాడు.

పాస్‌పోర్టు క్లబ్బు దగ్గరే ఉండాలన్న మాటా నమ్మకండి. రిజిస్ట్రేషన్‌కు కాపీ చాలు. వీసా ముద్ర కోసం ఇచ్చినా పని కాగానే వెనక్కి తీసుకోండి. ఇవ్వకుండా సతాయిస్తే మీ దేశ రాయబార కార్యాలయానికి అదే రోజు ఫోన్ చేయండి.