పాత కారుకు థర్డ్ పార్టీ చాలా? కారు బీమాపై అపోహలు - వాస్తవాలు

ప్రమాదంలో దెబ్బతిన్న బండ్లు చూసి నష్టం లెక్కగట్టడం నా పని. వరంగల్, హన్మకొండ, ములుగు, భూపాలపల్లి వైపు ఎక్కడ కారు గుద్దుకున్నా బీమా కంపెనీ నాలాంటి సర్వేయర్‌ను పంపిస్తుంది. రిపోర్టు రాసేది మేము. డబ్బు ఇవ్వాలా వద్దా తేల్చేది కంపెనీ. షెడ్డులో బండి చుట్టూ తిరిగి ఫొటోలు తీస్తుంటే ఓనర్లు అడిగే మొదటి మాట, "సార్, బండికి ఎంతొస్తది?" ఆ బండి వల్ల తమ నెత్తిన ఎంత పడొచ్చని అడిగేవాళ్లు అరుదు. పెద్ద దెబ్బ తగిలేది మాత్రం అక్కడే.

అపోహ: "బండే రెండు లక్షలు చేయదు, దానికి మళ్లీ ఇన్సూరెన్స్ ఎందుకు?"

బీమా లేకపోతే చలానా పడుతుందని మాత్రమే మనవాళ్ల టెన్షన్. మొదటిసారి దొరికితే 2,000, మళ్లీ దొరికితే 4,000. జైలు శిక్షకూ వీలుంది కానీ దాన్నెవరూ పట్టించుకోరు. ఇప్పుడు అసలు లెక్క చూడండి. మీ కారు తగిలి 30 ఏళ్ల మేస్త్రీ చనిపోయాడనుకుందాం. నెలకు 20,000 సంపాదించేవాడు, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీదే ఆధారపడ్డారు. పరిహారం ఎంతో తేల్చే ట్రిబ్యునల్ మీ బండి మోడల్ చూడదు. పోయిన మనిషి వయసు, సంపాదన, అతని మీద బతికేవాళ్లను చూస్తుంది. సుప్రీంకోర్టు 2009లో, 2017లో ఇచ్చిన తీర్పుల ప్రకారం లెక్క ఇలా సాగుతుంది. సొంతంగా పని చేసుకునే 40 లోపు మనిషి కాబట్టి భవిష్యత్తు సంపాదన కింద 40 శాతం కలిపితే నెలకు 28,000. అతని సొంత ఖర్చు నాలుగో వంతు తీసేస్తే 21,000. ఏడాదికి 2,52,000. ఆ వయసుకు దీన్ని గుణించాల్సిన అంకె, అంటే గుణకం 17. మొత్తం 42,84,000. అంత్యక్రియల ఖర్చు, భార్యాపిల్లలకు ఇచ్చే ఇతర పరిహారాలు, కేసు వేసిన రోజు నుంచి వడ్డీ దీనికి అదనం.

పాలసీ ఉంటే ఇది కంపెనీ కడుతుంది, ఎందుకంటే థర్డ్ పార్టీలో, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి తీసుకునే బీమాలో, మరణానికి, గాయాలకు పైపరిమితి లేదు. పాలసీ లేకపోతే ఓనర్ ఆస్తి మీదికి వస్తారు. ఇల్లు, ప్లాటు, పొలం ఏదైనా జప్తుకు పెట్టొచ్చు. 1000 నుంచి 1500 సీసీ కారుకు 2022 జూన్‌లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 3,416 రూపాయలు, జీఎస్టీ వేరే. ఒక చిన్న సంగతి కూడా గుర్తుంచుకోండి: ఎదుటివారి ఆస్తి నష్టానికి మాత్రం పరిమితి ఉంది, ప్రైవేటు కారుకు 7.5 లక్షలు. ఖరీదైన కారునో, షాపునో గుద్దితే ఆ పైన పడేదంతా మీదే.

అపోహ: "థర్డ్ పార్టీ ఉంది కదా, కార్లో కూర్చున్నోళ్లకు కూడా వస్తది"

నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇదే. రాదు. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే, ప్రైవేటు కార్లో ఊరికే ఎక్కించుకున్న మనుషులు దాని పరిధిలోకి రారు. వాళ్లకు రక్షణ దొరికేది ప్యాకేజీ పాలసీలో, అంటే మనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేదాంట్లో. ఈ తేడాను సుప్రీంకోర్టు 2012లో ఒక కేసులో వివరంగా చెప్పింది కూడా.

దీని అర్థం ఏమిటో ఆలోచించండి. వేములవాడకో కొమురవెల్లికో మొక్కు చెల్లించడానికి చెల్లెలి భర్తనూ వాళ్ల పిల్లలనూ ఎక్కించుకుని బయల్దేరారు. జనగామ దగ్గర కారు డివైడర్ ఎక్కింది, ఆయన ప్రాణం పోయింది. నడిపింది మీరు, తప్పు మీది. పరిహారం అడగాల్సింది మీ చెల్లెలు, ఇవ్వాల్సింది మీరు. కోర్టు మాట అటుంచండి, ఆ తర్వాత రెండిళ్ల మధ్య రాకపోకలు ఉంటాయా? పదేళ్ల కారుకు ఫుల్ తీసుకోమని నేను చెప్పేది బంపర్ కోసం కాదు, వెనక సీటు కోసం.

ఓనర్‌కు ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా గురించీ ఇలాంటి పొరపాటే ఉంది. అది ఆర్‌సీలో పేరున్న ఓనర్‌కు, అదీ లైసెన్స్ ఉంటేనే. ఆర్‌సీ నాన్న పేరు మీద, స్టీరింగ్ కొడుకు చేతిలో. మన దగ్గర సగం ఇళ్ల సంగతి ఇదే కదా. ఆ కొడుక్కి ఈ 15 లక్షలు వర్తించవు. అతనికి విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోవాలి.

అపోహ: "కొత్త బండి, మూడేళ్ల ఇన్సూరెన్స్ ఉంది"

మూడేళ్లు ఉండేది థర్డ్ పార్టీ. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు అది తప్పనిసరి. సొంత బండి నష్టానికి ఇచ్చే భాగం చాలా పాలసీల్లో ఒక్క ఏడాదికే ఉంటుంది. కాగితం మీద రెండు తేదీలు పక్కపక్కనే ఉంటాయి, దూరంగా ఉన్న తేదీనే అందరికీ గుర్తుంటుంది.

అపోహ: "బంపర్ టు బంపర్ కట్టిన, వరదలో మునిగినా పైసా పడదు"

బంపర్ టు బంపర్, అంటే జీరో డిప్రిసియేషన్ ఉంటే విడిభాగాల తరుగుదల కోయరని మాత్రమే. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలు, బ్యాటరీ మీద సగం కోస్తారు, ఆ కోత ఉండదు. ఇంజిన్ సంగతి వేరు.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు మన వరంగల్ నగరం కూడా నీళ్లలో మునిగింది. నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు కార్లు తలుపుల దాకా మునిగాయి. అలాంటి బండి దగ్గరికి వెళ్తే నేను ముందు చూసేది ఎయిర్ ఫిల్టర్. అది తడిసి, డిప్‌స్టిక్‌కు అంటిన ఆయిల్ పాలు కలిసిన చాయ్‌లా కనిపిస్తే నీళ్లు లోపలికి వెళ్లినట్టు. అంతవరకూ ఫర్వాలేదు, విప్పి శుభ్రం చేయొచ్చు. అయితే నీళ్లు తగ్గగానే "స్టార్ట్ అయితదో కాదో" అని సెల్ఫ్ కొడతారు. నీళ్లు నిండిన సిలిండర్‌లో పిస్టన్ పైకి రాలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వరద చేసిన నష్టం కాదది, స్టార్ట్ చేయడం వల్ల జరిగిందని కంపెనీ వాదిస్తుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ లేకపోతే ఆ బిల్లు మీరే కట్టుకోవాలి. మునిగిన బండికి తాళం చెవి పెట్టకండి. బ్యాటరీ వైరు తీయించి, టోయింగ్ పిలిచి, కంపెనీకి ఫోన్ చేయండి.

అపోహ: "డీజిల్ పైసలే తీసుకున్న, కిరాయి కాదు"

మేడారం జాతర వచ్చిందంటే తెల్ల నంబర్ ప్లేటు కార్లు తాడ్వాయి దారి పడతాయి. క్లెయిమ్ ఫారంలో ప్రయాణికులంతా బంధువులే. ఇన్వెస్టిగేటర్ వెళ్లి అడిగితే ఎంత ఇచ్చారో వాళ్లే చెప్పేస్తారు. ప్రైవేటు కారు పాలసీలో కిరాయికి చోటు లేదు, బండి రిపేరు డబ్బు ఆగిపోతుంది. ఎదుటివారికి ఇచ్చే పరిహారాన్ని కూడా ముందు కట్టి, తర్వాత మీ దగ్గర రాబట్టే ప్రయత్నం చేస్తారు.

అపోహ: "ఐడీవీ తగ్గిస్తే ప్రీమియం తగ్గుతది, మంచిదే"

ఐడీవీ అంటే బండి పూర్తిగా పోతే కంపెనీ లెక్కలోకి తీసుకునే విలువ. షోరూం ధర 9 లక్షల కారుకు మూడున్నరేళ్ల తర్వాత 40 శాతం తరుగు పోను ఐడీవీ 5.4 లక్షలు. ప్రీమియం తగ్గించి చూపడానికి 4.5 లక్షలు రాయించారనుకోండి. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్‌గా లెక్కేస్తారు. లోను ఉంటే ఆ డబ్బు ముందు బ్యాంకుకే పోతుంది. ఇంకా 5 లక్షల లోను మిగిలి ఉంటే, బండి ఉండదు, పైగా 50,000 బాకీ.

అపోహ: "బండి అమ్మేసిన, సంతకాలు పెట్టిన, ఇంక నాకేం సంబంధం?"

ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనర్. 2018లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో ఆ కారు ఒకరి తర్వాత ఒకరికి నాలుగు చేతులు మారింది. ఆర్‌సీ మారలేదు, బీమా లేదు. పరిహారం కట్టాల్సింది మొదట అమ్మిన మనిషేనని తీర్పు వచ్చింది. పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీలో, ఆర్‌సీ పేరు మార్పిడికి వాడే ఖాళీ ఫారం 29, 30 మీద సంతకాలు చేసి డబ్బు లెక్కపెట్టుకుని వచ్చేవాళ్లంతా ఇది ఒకసారి ఆలోచించాలి. కొన్నవాడు పాలసీ రెన్యువల్ చేయకుండా తిప్పుతుంటే పరకాల రోడ్డు మీద జరిగే ప్రమాదానికి సమన్లు మీ ఇంటికి వస్తాయి. అమ్మిన తేదీ, టైము రాసిన డెలివరీ నోట్ తీసుకోండి, కొన్నవాడి ఆధార్ కాపీ ఉంచుకోండి. ఆర్టీఏలో పేరు మారిందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో చూస్తూ ఉండండి. ఈలోగా థర్డ్ పార్టీ గడువు దగ్గరపడితే కొన్నవాడికి ఫోన్ చేసి కట్టమనండి. కట్టకపోతే మీరే కట్టేయండి.