అయస్కాంత తుపాను వస్తే ఫోన్ ఆపాలా?

"సార్, ఈ రాత్రి 12.30 నుంచి 3.30 దాకా ఫోన్లు ఆపేయాలంట కదా, విశ్వకిరణాలు వస్తాయంట!" భూమి అయస్కాంత క్షేత్రం రికార్డులు చూడడమే నా పని కాబట్టి ఈ ఫార్వర్డు తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది.

ఆపొద్దు. అయస్కాంత తుపాను, అంటే సూర్యుడి నుంచి వచ్చే కణాల తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రం కుదుపుకి లోనవడం, ఎంత పెద్దదైనా ఆపొద్దు.

2024 మే 10నాటిదే చూడండి. రెండు దశాబ్దాల్లో అంతటిది రాలేదు. మన టైములో రాత్రి పదిన్నర దాటాక మొదలై, భూమి క్షేత్రం ఎంత తగ్గిందో చెప్పే డీఎస్‌టీ సూచీ మర్నాడు పొద్దున అట్టడుక్కి పోయింది. పడింది దాదాపు 400 నానోటెస్లాలు (క్షేత్రం బలాన్ని కొలిచే చిన్న కొలత). తిరుపతిలో క్షేత్రం బలం సుమారు 40 వేలు. అంటే నూటికి ఒక్క వంతు! ఫోన్ స్పీకరులోని అయస్కాంతం దానికి ఎన్నో రెట్లు బలమైనది. దిక్సూచి పక్కన ఫోన్ పెట్టండి, ముల్లు చటుక్కున పక్కకు లాగేస్తుంది. తుపానుకి అదే ముల్లు కదిలినట్టు కంటికి ఆనదు.

ఆ రాత్రే మా వీధిలో ఒక అవ్వ ఫోన్ ఆపేసి పడుకుంది. మదనపల్లెలో కూతురికి నొప్పులు మొదలైనాయి. అల్లుడు చేసి చేసి, తెల్లారుజామున నాకు చేశాడు. తలుపు కొట్టి చెప్తే ఆమె చేతులు వణికిపోయాయి. "పేలిపోతాదని రాసినారు నాయనా" అంది. తల్లీబిడ్డా క్షేమమే. అవ్వను ఒక్క మాట అనబుద్ధి కాలేదు. అంత భయం పుట్టించి పంపినవాళ్ల మీద మాత్రం నాకింకా కోపం పోలేదు.

తుపాన్లు అరుదనీ అనుకోకండి. సూర్యుడి చురుకు పెరిగి తగ్గే 11 ఏళ్ల సౌరచక్రంలో, అన్నిటికన్నా చిన్నవైన జీ1 స్థాయివి సుమారు 900 రోజులు, చాలా తీవ్రమైన జీ4వి 60 రోజులు, అన్నిటికన్నా పెద్దవైన జీ5వి నాలుగు రోజులు వస్తాయని లెక్క. మీ ఫోన్ ఇప్పటికే ఎన్నో దాటేసింది. దెబ్బ తగిలేది ఉపగ్రహాలకు, ధ్రువాల వైపు దేశాల్లో పొడవాటి కరెంటు లైన్లకు. 1989 మార్చిలో ఒక తుపానుకు కెనడాలోని క్యూబెక్‌లో 60 లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంటు పోయింది.

భారీ తుపాను 'వందేళ్లకోసారి' వస్తుందంటే ఇక వందేళ్లు రాదని కాదు, ఏటా నూటికి ఒక వంతు అవకాశం ఉందని.

మార్చి, సెప్టెంబరు చుట్టూ తుపాన్లు కాస్త ఎక్కువ, నిజమే. అయితే ఆ నెలల్లో మన దగ్గర పొద్దుగూకాక జీపీఎస్ తడబడితే ప్రతిసారీ తుపాను అనుకోనక్కర్లేదు. అయనోస్ఫియర్‌లో, అంటే పైవాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొరలో, లేచే ప్లాస్మా బుడగలు (ఆవేశకణాలు పలచబడిన చోట్లు) ప్రశాంతమైన రోజుల్లోనూ ఆ పని చేస్తాయి. తిరుపతి దగ్గరి గాదంకి రాడార్ వాటిని ఏళ్లుగా చూస్తోంది. డ్రోన్ సర్వే చేసేవాళ్లు ఆ నెలల్లో పని పగలే ముగించుకోండి.